ఒక్క అంకెకు లొంగని లిగ్నిన్

బొగ్గుబట్టి పెట్టేవాళ్లకు లిగ్నిన్ పేరు తెలియకపోయినా దాని గుణం తెలుసు. గాలి తగలకుండా మట్టి కప్పి కాలిస్తే కట్టె బూడిదైపోదు, బొగ్గవుతుంది. కట్టెలోని పదార్థాల్లో బొగ్గు దిగుబడి ఎక్కువిచ్చేది లిగ్నినే.

1813లో స్విస్ వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ దానికి ఆ పేరు పెట్టాడు. 1838లో ఫ్రాన్స్‌లో పేయెన్ కట్టె నుంచి సెల్యులోజ్‌ను వేరుచేసి, మిగతాదాన్ని దానిమీద పేరుకున్న పూతగా లెక్కగట్టాడు. ఆ పూతలోని లిగ్నిన్ నిర్మాణం మీద స్వీడన్‌లో క్లాసన్, జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు.

అది వేడికి ఎలా విడిపోతుందో కొలవడానికి పనిముట్టు జపాన్ నుంచి వచ్చింది: 1915లో హోండా చేసిన, వేడి చేస్తూనే బరువు తూచే థర్మోబ్యాలెన్స్. లెక్క కట్టడానికి, వేడికీ చర్య వేగానికీ ఉన్న లంకె చెప్పే అర్హీనియస్ సూత్రం 1889 నుంచే ఉంది. 1957లో కిసింజర్, 1965లో ఒజావా దాన్ని ఈ ప్రయోగాలకు అనువుగా మలిచారు.

ప్రయోగం చూడటానికి తేలికే. చిన్న గిన్నెలో కొన్ని మిల్లీగ్రాముల గోధుమరంగు లిగ్నిన్ పొడి వేసి, నైట్రోజన్ వదులుతూ నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతారు. ఇలాగే వేడిచేస్తే కట్టెలోని మిగతా ముఖ్య పదార్థాల్లో హెమిసెల్యులోజ్ 220–315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 315–400 మధ్య పని ముగించేస్తాయి. లిగ్నిన్ మాత్రం 160 దగ్గర మొదలెట్టి 900 దాకా సాగదీస్తుంది; అప్పటికీ దాదాపు 40 శాతం గిన్నెలోనే ఉంటుంది. అందులోని బంధాలన్నీ ఒక్క రకానివి కావు మరి. ఈథర్ బంధాలు ముందు తెగి గ్వయకాల్, సిరింగాల్ వంటి ఫినాల్‌లు ఆవిరవుతాయి. గట్టి కార్బన్ బంధాలు నిలిచి, వలయాలు ఒకదాన్నొకటి పట్టుకుని బొగ్గవుతాయి.

పంట వ్యర్థాల దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. వరి ఊకలో సిలికా దండిగా ఉంటుంది. క్షారంతో లిగ్నిన్‌ను లాగితే సిలికా కూడా కరిగి వస్తుంది. ఆమ్లం పోస్తే రెండూ కలిసే అడుగున చేరతాయి. చివర గిన్నెలో మిగిలిందంతా బొగ్గే అనుకుంటే ఇసుకను కూడా బొగ్గులో కలిపి తూచినట్టే. పత్తి కట్టెకు, చెరకు పిప్పికి లిగ్నిన్ నిర్మాణమే వేరు.

అందుకే లిగ్నిన్ విడిపోవడానికి దాటాల్సిన శక్తి గడపకు, అంటే యాక్టివేషన్ ఎనర్జీకి, పరిశోధన పత్రాల్లో కనిపించే విలువలు మోల్‌కు కొన్ని పదుల కిలోజౌళ్ల నుంచి రెండు వందలు దాటి పోతుంటాయి. ఒకే వేడి రేటుతో ఒక్క గ్రాఫు గీసి ఒక్క అంకె తేల్చే పద్ధతి, నా దృష్టిలో, ఎందుకూ కొరగాదు. 2011లో అంతర్జాతీయ థర్మల్ అనాలిసిస్ సమాఖ్య కమిటీ కూడా పలు వేడి రేట్లతో కొలవమనే చెప్పింది. మన విశ్వవిద్యాలయాల్లో ఊక, పత్తి కట్టె మీద పనిచేస్తున్నవాళ్లు ఆ అంకె పక్కన లిగ్నిన్ తీసిన పద్ధతినీ బూడిద శాతాన్నీ తప్పక రాయాలి.