కంచం పొత్తు, వలస దారి: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనుభవం

ఉత్తర తెలంగాణ వలసల మీద జరిగిన చర్చ ఎక్కువగా డబ్బు చుట్టూ తిరిగింది. ఎంత అప్పు చేసి పోయారు, ఎంత పంపారు, ఎంత పోగొట్టుకున్నారు అన్నవి తేలవలసిన లెక్కలే. అయితే పోయినవాడు అక్కడ ఎవరు వండితే తిన్నాడు, ఎవరి పక్కన కూర్చుని తిన్నాడు అన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న. ఈ ప్రాంతపు వలసల్లో మనుషులను దగ్గర చేసింది కొత్త వంటకాల రుచి కాదు, వంటకు చేసుకున్న ఏర్పాటు అన్నది ఈ వ్యాసం వాదన.

మన పల్లెల్లో సామాజిక సంబంధాన్ని కొలవడానికి పాత కొలతలు రెండు: కంచం పొత్తు (కలిసి తినడం), మంచం పొత్తు (పెళ్లి సంబంధం). పెళ్లిలోనైనా చావులోనైనా ఎవరి బంతి ఎక్కడో అందరికీ తెలుసు. ఒకే ఇంటివాళ్ల మధ్య కూడా వడ్డన అంటే మర్యాదే. సిరిసిల్లకు చెందిన వేణు ఎల్దండి 2023లో తీసిన ‘బలగం’ సినిమాలో నల్లిబొక్క (మూలుగు ఎముక) కోసం మొదలైన మాట పట్టింపు రెండు ఇళ్ల రాకపోకలను ఏళ్ల తరబడి ఆపేస్తుంది. ఈ ప్రాంతంవాళ్లకు అది అతిశయోక్తిగా తోచలేదు.

పాత వలస దారి పడమటికి సాగింది. ముంబైలో కామాఠీపురకు ఆ పేరు అక్కడ స్థిరపడిన తెలుగు కామాఠీల వల్లే వచ్చింది. షోలాపూర్‌లో, భివండి పద్మనగర్‌లో పద్మశాలీలు మగ్గాల వెంట వెళ్లి స్థిరపడ్డారు. సిరిసిల్ల నేతకార్మికులకు భివండి రెండో ఊరు. ఈ వలసలో చాలామంది కుటుంబంతో, కులంతో పోయారు కనుక పొయ్యి కూడా వెంట పోయింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇంట్లో నిలిచాయి. మరాఠీ పొరుగువారి భాకరీ కూడా జొన్నదే కాబట్టి తిండి మార్చుకోవలసిన అవసరం పెద్దగా రాలేదు. ఒంటరిగా వచ్చిన మిల్లు కార్మికులకు ముంబైలో ఖానావళ్లు ఉండేవి. నెలవారీ లెక్క మీద ఆడవాళ్లు వండి పెట్టేవారు. అలాంటి స్త్రీలే 1975లో అన్నపూర్ణ మహిళా మండల్‌గా సంఘటితమయ్యారు.

గల్ఫ్ దారిలో వండిపెట్టేవాళ్ల ఈ ఆసరా లేదు. 1973లో చమురు ధరలు పెరిగాక ఎడారి దేశాల్లో కట్టడాలు మొదలయ్యాయి. వాటికి కావలసింది ఒంటరి మగ కూలి. ఏ దేశం పోయినా ఊళ్లో అనేది ‘దుబాయి పోయిండు’ అనే. క్యాంపులో వరుస మంచాల గది, అందరికీ కలిపి ఒక వంటగది. ఇంటిదగ్గర పొయ్యి ముట్టించి ఎరుగని మనిషి ఇక్కడ వంతు వచ్చినప్పుడు పదిమందికి వండాలి. బియ్యం, నూనె, ఉల్లిగడ్డ, కోడికూర ఖర్చంతా నెలాఖరున తలా ఇంత అని పంచుకుంటారు. దీన్నే మెస్ అంటారు. డ్యూటీ వేళలు వేరైనప్పుడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాడికి గిన్నెలో అన్నం మూతపెట్టి ఉంచాలి. తీరిక లేని రోజున ఖుబ్బూస్ రొట్టె, పప్పుతో గడిచిపోతుంది. ఆ పొయ్యిల దగ్గరే మలయాళీ, బిహారీ, నేపాలీ, పాకిస్తానీ కూడా తమ వంతుకోసం నిలబడతారు.

ఈ గదిలో కులం మాయమైందని అనడం తొందరపాటు. ఊరివాళ్లు, బంధువులు ఒకే గదిలో చేరడానికే చూస్తారు. కానీ మంచం ఇచ్చేది కంపెనీ, వంతు నిర్ణయించేది డ్యూటీ. ఎవరు వండారని అడిగితే ఆ పూట పస్తే. ఆదర్శం కోసం ఎవరూ కంచం కలపలేదు, గత్యంతరం లేక కలిపారు. నా దృష్టిలో దాని విలువ అందువల్ల తగ్గదు.

తిరుగుదారిలో వచ్చిన వాటిలో మందీ గమనించదగ్గది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు ఈ మాంసం-అన్నం నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి ఉండే హైదరాబాద్ బార్కస్‌లో పేరుపొంది, తర్వాత జిల్లా పట్టణాలకు పాకింది. జగిత్యాల, కోరుట్లలో దాన్ని తినేవారిలో గల్ఫ్ చూసివచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు చేతులు పెట్టి తినడం బంతి పద్ధతికి పూర్తిగా ఎదురు. అయినా ఆ పళ్లెం ఇంకా పట్టణానిదే, స్నేహితులదే. ఊరి విందుకు అది చేరలేదు.

ఈ కథలో ఆడవాళ్ల చోటు మరింత లోతుగా చూడాలి. దుబాయి పోయేవాడి పెట్టెలో సకినాలు, మామిడికాయ తొక్కు, కారంపొడి తప్పవు. సకినాలకు కొత్తబియ్యం నానబెట్టి, పిండి పట్టి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడుపుతారు. నేల మీద పరిచిన బట్టపై వేళ్ల సందున పిండిని మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పుతారు. బట్ట తడిని పీల్చాక చుట్టు విరగకుండా లేపి నూనెలో వేస్తారు. తడి పోయింది కనుకే అవి సముద్రం దాటినా వారాలపాటు నిలుస్తాయి. ఈ పని ఒక్కరితో కాదు. వదినె, అత్త, పక్కింటామె వచ్చి కూర్చుంటారు, రేపు వాళ్లింటికి ఈమె పోతుంది. అయితే ఆ కూర్చునే వరుస చాలావరకు వాడ దాటదు, వాడ అంటే చాలాచోట్ల కులమే. దోహాలోనో రియాద్‌లోనో ఆ పెట్టె విప్పితే గదిలో అందరి చేతులూ పడతాయి. అవి చుట్టిన ఆడవాళ్లకు మాత్రం ఆ పొత్తు దొరకలేదు. గల్ఫ్ వలస మగవాడి కంచాన్ని ఎంతవరకు మార్చిందో, ఇంటిదగ్గర ఆడవాళ్ల వాకిలిని ఎందుకు మార్చలేకపోయిందో ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల్లో వాళ్లనే అడిగి నమోదు చేయాలి.