సినిమా పాటల పుస్తకం ముఖపత్రం – కవి స్థానం

తెలుగు సినిమా సాహిత్య పరిశోధనకు పాటల పుస్తకం ప్రాథమిక ఆధారాల్లో ఒకటి. థియేటర్ల వద్ద తక్కువ ధరకు అమ్మిన ఈ చిన్న పుస్తకంలో తారాగణం, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం, పాటల పాఠం ఉండేవి. నల్లపాడు వంటి ఊళ్ల శ్రోతలకు రేడియోలో విన్న పాట అక్షరరూపంలో చేతికందే మార్గాల్లో ఇదొకటి.

ముఖపత్రం రూపకల్పనలో ప్రాధాన్యం సాధారణంగా తారల ముఖాలకూ, అలంకృతంగా రాసిన చిత్రనామానికీ దక్కింది. లోపల ఉన్నవి పాటలే అయినా వాటిని రచించిన కవికి గాని, పాడిన గాయకునికి గాని ఆ బొమ్మలో చోటు లేదు. గ్రామఫోను రికార్డు లేబులుపై గాయకుల పేర్లు ఉండేవి. అంటే ఒకే పాట రికార్డుపై గాయకునిదిగా, పుస్తకంపై నటునిదిగా పరిచయమైంది.

కర్తృత్వ నిర్ణయంలో ఈ విషయం కీలకమవుతుంది. ‘మూగమనసులు’ (1964) చిత్రానికి ఆత్రేయ, దాశరథి, బాపట్ల సమీపంలోని అప్పికట్లకు చెందిన కొసరాజు పాటలు రాశారు. ఇటువంటి చిత్రాల్లో ఏ పాట ఎవరిదో తేల్చడానికి లోపలి పుటలు కావాలి. విడిపోయిన పుటలు ఏ చిత్రానివో గుర్తించడానికి ముఖపత్రం కావాలి. పలు పుస్తకాలను కలిపి బైండు చేసేటప్పుడు అట్టలు తొలగిస్తే ఈ సంబంధం తెగిపోతుంది.

కనుక గ్రంథాలయాలు ముఖపత్రాన్ని పాఠంలో భాగంగానే భద్రపరచాలి. కవి కనిపించని అట్ట కూడా, ఆనాటి వినోద విపణి కవికి ఇచ్చిన స్థానాన్ని తెలిపే సాహిత్యచరిత్ర ఆధారమే.