గాంబెల్లా కౌలు: ఒప్పందంలో చోటు దక్కని సాగుదారులు

2007-08లో ప్రపంచమంతటా ఆహారధాన్యాల ధరలు భగ్గుమన్నాయి. దిగుమతుల మీద బతికే దేశాలు, కొత్త లాభాలు వెతికే కంపెనీలు పేద దేశాల సాగుభూముల వైపు మళ్లాయి. ప్రపంచ బ్యాంకు అధ్యయనం ప్రకారం 2009 ముగియకముందే సుమారు 5.6 కోట్ల హెక్టార్లకు ఒప్పందాలు ప్రకటించారు. అందులో 70 శాతానికి పైగా ఆఫ్రికా భూములే. ఆ నేల మీద బతికేవాళ్లకు ఒప్పందంలో పాత్ర లేకపోవడమే వాళ్ల నష్టానికి మూలమని ఇథియోపియాలోని గాంబెల్లా అనుభవం చూపుతోంది.

ఇథియోపియా 1995 రాజ్యాంగం ప్రకారం భూమి రాజ్యానికీ ప్రజలకూ ఉమ్మడి సొత్తు. అయితే దాన్ని కౌలుకిచ్చే అధికారం ఆచరణలో ప్రభుత్వం చేతికే వెళ్లింది. బెంగళూరుకు చెందిన కరుటూరి గ్లోబల్ సంస్థకు 2010 ఒప్పందం కింద గాంబెల్లాలో లక్ష హెక్టార్లు 50 ఏళ్లకు దక్కాయి. పనితీరును బట్టి మరో రెండు లక్షల హెక్టార్లు ఇస్తామన్నారు. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్. అంటే రెండున్నర ఎకరాలకు అప్పటి మారకంలో డాలరున్నర లోపే.

ఇది వాడకంలో లేని భూమి అని ప్రభుత్వం చెప్పింది. అక్కడి స్థానికులైన అన్యువాక్ ప్రజల సాగు తెలిస్తే ఆ మాట నిలవదు. బారో నది వరద తీశాక ఒడ్డున మిగిలిన తేమలో వాళ్లు విత్తుతారు. మెరక నేలలో పోడు కొట్టి, సారం తగ్గగానే కొన్నేళ్లు వదిలేస్తారు. పంట చాలని నెలల్లో అడవి దుంపలు, పండ్లు, చేపలు ఆదుకుంటాయి. బయటివారికి బీడుగా కనిపించేది వాళ్లకు రాబోయే ఏళ్ల చేను.

అదే కాలంలో 45,000 కుటుంబాలను మూడేళ్లలో కొత్త ఊళ్లకు తరలించే పథకం మొదలైంది. బడి, నీళ్లు, వైద్యం అందించడానికే ఈ పథకమనీ, ఎవరినీ బలవంతపెట్టడం లేదనీ, దీనికీ కౌళ్లకూ సంబంధం లేదనీ ప్రభుత్వం వాదించింది. వందమందికి పైగా చెప్పిన సాక్ష్యాలతో హ్యూమన్ రైట్స్ వాచ్ 2012లో ఇచ్చిన నివేదిక మాత్రం బెదిరింపులను, నెరవేరని హామీలను నమోదు చేసింది. చాలాచోట్ల కోతల కాలంలోనే తరలించడంతో పంట కోతుల పాలు, ఎలుకల పాలు అయింది. కోతకొచ్చిన చేను వదిలి వెళ్లే కుటుంబం ఆ ఏటి తిండితో పాటు మరుసటి ఏటి విత్తనాన్నీ పోగొట్టుకుంటుంది.

2011లో బారో పొంగి కంపెనీ మొక్కజొన్నను ముంచేసింది. ఇచ్చిన భూమిలో కొద్ది భాగమే సాగులోకి వచ్చింది. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. కానీ రద్దు కూడా ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య వ్యవహారమే. కౌలుకిచ్చేటప్పుడు లెక్కలోకి రాని అన్యువాక్‌లు అప్పుడూ లెక్కలోకి రాలేదు.

ఇలాంటి చోట చట్టం ఏం చేయగలదో తెలుగు నేల మీద పుట్టిన సమత కేసు చూపింది. షెడ్యూల్డ్ ప్రాంత భూములను ప్రభుత్వం సైతం గిరిజనేతర మైనింగ్ కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2012లో ఆమోదం పొందిన అంతర్జాతీయ భూహక్కుల మార్గదర్శకాలు సంప్రదాయ హక్కులను గుర్తించాయి గానీ, వాటిని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు.

కాబట్టి మూడు షరతులు తప్పనిసరి. పోడు చక్రంలో వదిలిన నేలను కూడా సమూహం పేర నమోదు చేయాలి. వాళ్ల సమ్మతి లేనిదే ఏ కౌలూ చెల్లకూడదు. ఒప్పందం రద్దయితే భూమి వాళ్లకే తిరిగి రావాలని ఒప్పందంలోనే రాయాలి. ఈ మూడూ లేనంతకాలం పెట్టుబడి విదేశీదైనా స్వదేశీదైనా నిర్వాసితులకు ఒరిగేదేమీ ఉండదు.