కాలజ్ఞానం
పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి (బ్రహ్మంగారు) చెప్పినట్లు తెలుగువారు నమ్మే భవిష్యవాణి. ఆయన 17వ శతాబ్దపు యోగి అని సంప్రదాయం. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో దీన్ని తాటాకులపై రాశాడనీ, ఆ పత్రాలను పాతిపెట్టినచోట చింతచెట్టు నాటారనీ చెబుతారు. కలియుగాంతాన యాగంటి ఆలయంలోని రాతి బసవన్న లేచి రంకె వేస్తాడనీ, స్వామి వీరభోగవసంతరాయలుగా తిరిగివచ్చి ధర్మం నిలబెడతాడనీ విశ్వాసం. అందుకే ఇందులో ప్రళయభయం కన్నా మంచి పాలన మీది ఆశే బలమైనది. ముస్లిం అయిన దూదేకుల సిద్దయ్య స్వామికి ప్రియశిష్యుడు కావడం ఆ ఆశకు తగిన ఆచరణ. అయితే కాలజ్ఞానం అచ్చుప్రతుల పాఠాలు ఒకదానితో ఒకటి కలవవు. తరవాతి కాలపు చేర్పులను వేరుచేయడం కష్టం. అయినా ఏ విపత్తు వచ్చినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అన్న మాట వినిపిస్తుంది; 2020లో కరోనా సమయంలోనూ వినిపించింది. ఆయన సజీవసమాధి కడప ప్రాంతపు కందిమల్లాయపల్లెలో ఉంది.