ఇంటర్‌మాడ్యులేషన్ లెక్కల్లో ఫిల్టర్

రెండు బలమైన సంకేతాలు ఒకేసారి యాంప్లిఫయర్‌లోకో మిక్సర్‌లోకో చేరితే, అక్కడ ఎవరూ ప్రసారం చేయని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఇదే ఇంటర్‌మాడ్యులేషన్. ఒకదాన్ని రెట్టించి రెండోదాన్ని తీసేస్తే వచ్చే మూడో ఆర్డర్ ఫ్రీక్వెన్సీలతోనే ఇబ్బంది ఎక్కువ. హైదరాబాద్‌లో వివిధ భారతి 102.8, రెడ్ ఎఫ్‌ఎం 93.5 మెగాహెర్ట్జ్. 102.8ని రెట్టించి 93.5 తీసేస్తే 112.1, అది విమానాలకు దారి చూపే వీఓఆర్ కేంద్రాల బ్యాండులో పడుతుంది.

ఇలాంటి కల్తీ సంకేతం రిసీవర్ లోపల పుట్టి, వినాల్సిన ఛానెల్‌పైనే పడితే తర్వాత ఏ ఫిల్టరూ తీయలేదు. అడ్డుకోవాల్సింది పుట్టకముందే. ముందున్న ఫిల్టర్ రెండు సంకేతాలనూ 1 డెసిబెల్ తగ్గిస్తే కల్తీ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే, కావలసిన సంకేతం తగ్గకుంటే, బలమైన సంకేతాలను తట్టుకునే శక్తికి కొలతైన ఇన్‌పుట్ ఇంటర్‌సెప్ట్ పాయింట్ 1.5 డెసిబెల్స్ పెరిగినట్టే. తగ్గింపు సమానం కాకపోతే, కల్తీకి దగ్గరున్న సంకేతంలోని తగ్గుదలను రెండుసార్లు, దూరపుదాన్ని ఒకసారి లెక్కించాలి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పదో అనుబంధంలో వీఓఆర్ రిసీవర్లకు 1998 నుంచి వర్తించే సూత్రంలో ఈ లెక్కే ఉంది. సమాన బలమున్న రెండు ఎఫ్‌ఎం సంకేతాల్లో పైది 107.7 మెగాహెర్ట్జ్ దగ్గరుంటే రిసీవర్ మైనస్ 24 డీబీఎం దాకా తట్టుకోవాలి. అదే 102.8 దగ్గరైతే దాదాపు మైనస్ 1.6 దాకా. బ్యాండు అంచు నుంచి దూరం పెరిగేకొద్దీ ఫిల్టర్ గట్టిగా ఆపుతుందని సూత్రం ముందే లెక్కలోకి తీసుకుంది.

రిసీవర్‌లోని వరుస దశల లెక్కలో ఫిల్టర్ చేసే ఈ తగ్గింపును వదిలేస్తే ఫలితం తలకిందులవుతుంది. 15 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాంప్లిఫయర్, తర్వాత ప్లస్ 5 డీబీఎం ఇంటర్‌సెప్ట్ ఉన్న మిక్సర్ అనుకుందాం. ఇన్‌పుట్ వైపు నుంచి చూస్తే మిక్సర్ హద్దు మైనస్ 10. మధ్యలో కావలసిన సంకేతాన్ని 2, అక్కర్లేనివాటిని 22 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్ పెడితే ఆ హద్దు ప్లస్ 22 అవుతుంది. ఇక ఆలోచించాల్సింది యాంప్లిఫయర్ గురించే. ఫిల్టర్‌ను పట్టించుకోని మామూలు సూత్రంతో లెక్కగట్టి ఖరీదైన మిక్సర్ కొనడం డబ్బు దండగ.

అయితే రెండు సంకేతాలూ ఫిల్టర్ పాస్‌బ్యాండులోనే ఉంటే ఈ లాభం ఉండదు. జీఎస్‌ఎం 900 ఫోన్ల ఇంటర్‌మాడ్యులేషన్ పరీక్షలో ఇబ్బంది పెట్టే సంకేతాలు కావలసిన ఛానెల్‌కు 800, 1600 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. 935 నుంచి 960 మెగాహెర్ట్జ్ మొత్తాన్నీ లోపలికి పంపే ముందు ఫిల్టర్ వాటిని ఆపలేదు. ఛానెల్ వెడల్పుకు సరిపడే ఫిల్టర్ వచ్చేదాకా ప్రతి దశా వాటిని పూర్తి బలంతోనే భరించాలి.