పోరాట దృశ్యాలు: నటులకు గాయాల ముప్పు

నాటకాల్లో, సినిమాల్లో పోరాట ఘట్టాలు నటించేవారికి కలిగే దేహహానిని ముందే ఊహించి నియమాలు విధించిన గ్రంథాలలో భరతుని నాట్యశాస్త్రం ఒకటి. రంగం మీద ఆయుధం తిప్పే తీరును అది భారత, సాత్వత, వార్షగణ్య, కైశిక అని నాలుగు ‘న్యాయాలు’గా విభజించింది. నిజంగా పొడవడం, నరకడం, నెత్తురు కార్చడం కూడదని, దెబ్బను అభినయంతోనే తెలపాలని చెప్పింది. ఎంతో ముందుచూపున్న నియమమిది. తర్వాతి శతాబ్దాలలో మన యక్షగానాలు, వీధినాటకాలు యుద్ధాన్ని ఎక్కువగా అడుగులతో, దరువులతోనే చూపించాయి.

ఐరోపా రంగస్థలం నిజమైన కత్తులను చాలాకాలం వదల్లేదు. 1896 ఆగస్టులో లండన్ నావెల్టీ థియేటర్‌లో టెంపుల్ క్రోజియర్ అనే యువనటుడు తోటి నటుడి చేతిలోని అసలు బాకు గుచ్చుకుని మరణించాడు. 1947లో ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో ‘మాక్‌బెత్’ చివరి ద్వంద్వయుద్ధంలో గాయపడిన హెరాల్డ్ నార్మన్ కొన్ని వారాలకు కన్నుమూశాడు.

సినిమా తొలినాళ్లలో ఫైటర్లు ఒకరినొకరు నిజంగానే గుద్దుకునేవారు. 1930లలో హాలీవుడ్‌లో స్టంట్‌మాన్ యాకిమా కనట్, నటుడు జాన్ వేన్ ఆ పద్ధతిని మార్చారు. పిడికిలి ముఖానికి తగలకుండా పక్కనుంచి పోతుంది. కెమెరాను సరైన కోణంలో పెడితే మధ్యనున్న ఖాళీ కనబడదు. దెబ్బ తినేవాడు అదే క్షణంలో తల విసురుతాడు, చప్పుడు తర్వాత చేరుస్తారు. ఫైట్ మాస్టర్లు పదేపదే చెప్పే ‘టైమింగ్’ ఇదే. అది అరక్షణం తప్పినా, పడేచోట పరుపు లేకున్నా గాయం ఖాయం. పిడికిలి కన్నా నేల, బల్ల అంచు, ఎత్తు, నీళ్లు నటులకు ఎక్కువ కీడు చేశాయి.

ఇందుకు ‘కూలీ’ని మించిన ఉదాహరణ భారతీయ సినిమాలో లేదు. 1982 జూలైలో బెంగళూరు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మన్‌మోహన్ దేశాయ్ ఆ చిత్రం తీస్తున్నారు. పునీత్ ఇస్సర్‌తో పోరాటంలో అమితాబ్ బచ్చన్ దెబ్బ తిన్నట్టు వెనక్కి ఎగిరి బల్ల మీద పడాలి. లెక్క తప్పి బల్ల అంచు పొట్టలో గుద్దుకుంది. పైకి పెద్ద గాయమేమీ లేదు. లోపల పేగు చిట్లింది. ఆ సంగతి తేలేసరికి పరిస్థితి విషమించింది. బెంగళూరులో శస్త్రచికిత్స జరిగాక బొంబాయి బ్రీచ్ కాండీ ఆస్పత్రికి తరలించారు. ఆగస్టు 2న ఆయన మృత్యుముఖం దాకా వెళ్లి వచ్చారు. ఆ రోజును రెండో పుట్టినరోజుగా చెప్పుకుంటారు. దేశమంతటా గుళ్లలో, మసీదులలో ప్రార్థనలు జరిగాయి. రెండు నెలలకు ఇంటికి చేరి, 1983 జనవరిలో మళ్లీ షూటింగుకు వచ్చారు. కథలో చనిపోవలసిన నాయకుణ్ని దేశాయ్ బతికించారు. గాయమైన చోట బొమ్మను తెరమీద ఆపి, ఇక్కడే దెబ్బ తగిలిందని అక్షరాలు వేశారు. అప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా హెపటైటిస్-బి సోకి కాలేయం చాలాభాగం దెబ్బతిన్నట్టు ఏళ్ల తర్వాతగాని బయటపడలేదు. నిందకు గురైన ఇస్సర్ కొంతకాలం అవకాశాలు కోల్పోయి, ‘మహాభారత్’ ధారావాహికలో దుర్యోధనుడిగా నిలదొక్కుకున్నారు.

గాయాలకు డూప్ వద్దనే పట్టుదల మరో కారణం. ‘పల్లెటూరి పిల్ల’ (1950)లో ఎన్.టి. రామారావు ఎద్దుతో తానే తలపడి చేయి విరగ్గొట్టుకున్నారు. మలయాళ నటుడు జయన్ 1980 నవంబరు 16న మద్రాసు దగ్గర షోలవరంలో ‘కోళిళక్కం’ కోసం హెలికాప్టర్ పట్టుకుని వేలాడుతూ ప్రాణం పోగొట్టుకున్నారు. అప్పటికే టేక్ బాగా వచ్చినా మరొకటి చేద్దామని ఆయనే అడిగారంటారు. 2016 నవంబరులో బెంగళూరు సమీపంలోని తిప్పగొండనహళ్లి జలాశయంలో ‘మాస్తి గుడి’ పతాక పోరాటం తీస్తూ హెలికాప్టర్ నుంచి దూకిన కన్నడ నటులు అనిల్, ఉదయ్ మునిగిపోయారు. వారితోపాటు దూకిన హీరోను మాత్రం ఒడ్డుకు చేర్చగలిగారు. ఈత అంతంతమాత్రమే వచ్చినవారిని రక్షణ ఏర్పాట్లు లేకుండా దూకించడం క్షమించరానిది.

తాళ్లు, పరుపులు, గ్రాఫిక్స్ వచ్చాక ప్రాణాపాయం తగ్గినా గాయాలు ఆగలేదు. 2023 మార్చిలో హైదరాబాద్‌లో ‘కల్కి 2898 ఏడీ’ పోరాటం చిత్రిస్తుండగా, ఎనభై ఏళ్ల అమితాబ్‌కే పక్కటెముకల దగ్గర మృదులాస్థి, కండరం దెబ్బతిన్నాయి.