రిమ్ము మీదే కొండ దిగాడు

2014 జూన్. ఆస్ట్రియాలోని లియోగాంగ్. ఆల్ప్స్ వాలు మీద డౌన్‌హిల్ సైకిల్ ప్రపంచ కప్ పోటీ. పైన గేటులో నిలబడ్డవాడు ఆరన్ గ్విన్, కాలిఫోర్నియా కుర్రాడు. 2011, 2012లో వరసగా సిరీస్ విజేత. ఫైనల్లో ఉండేది ఒక్కటే పరుగు. నాలుగు నిమిషాలైనా పట్టదు. తప్పు జరిగితే దిద్దుకునే వీలుండదు.

గేటు దాటాడు. పై భాగం పూర్తిగా దిగకముందే వెనక టైరులో గాలి పోయింది.

అక్కడితో అతని పోటీ అయిపోయినట్టే. ఇలాంటప్పుడు పక్కకు ఒరిగి, మెల్లగా కిందికి దిగిపోయేవాళ్లే ఎక్కువ. గ్విన్ వేగం తగ్గించలేదు. ఖాళీ టైరు రిమ్ము మీద అటూ ఇటూ కొట్టుకుంటూ చివరికి ఊడిపోయింది. ఇక మిగిలింది వట్టి అల్యూమినియం. రాళ్లు, చెట్ల వేళ్లు, గాల్లోకి లేపే దిమ్మలు, అన్నింటి మీదా ఆ లోహపు అంచే నేరుగా పడుతోంది. మలుపుల్లో వెనక చక్రం పట్టు లేక జారిపోతోంది. అతను మళ్లీ నిలబెడుతున్నాడు. తాళ్ల పక్కన జనం అరుపులు కొండ దిగువ దాకా అతని వెంటే వచ్చాయి. గీత దాటేసరికి చక్రానికి టైరు లేదు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

మరుసటి ఏడాది అదే కొండ మీద గేటు దాటిన వెంటనే చైను తెగితే, చైను లేకుండానే దిగి గెలిచాడు. అందరూ ఆ కథే చెప్పుకుంటారు. నాకు ఓడిపోయిన ఈ పరుగే పెద్దది. ఆ వీడియో చూసినప్పుడల్లా నా కళ్లు గ్విన్‌ను వదిలేసి వెనక చక్రం మీదికి పోతాయి. ఎందుకు కూలలేదది?

చక్రం బలమంతా రిమ్ములోనే ఉందనుకుంటాం. అసలు బరువు మోసేది స్పోకుల బిగువు. కొండ సైకిల్ చక్రంలో స్పోకును 100 నుంచి 120 కిలోల దాకా బిగిస్తారు. అలాంటివి 32 ఉంటే రిమ్మును లోపలికి లాగే బలం మొత్తం మూడు టన్నులు దాటుతుంది. రాయి తగిలిన చోట రిమ్ము లోపలికి నొక్కుకుంటే అక్కడి స్పోకుల బిగువు క్షణంపాటు సడలుతుంది. అది సున్నాకు పడిపోతే స్పోకును రిమ్ముకు పట్టి ఉంచే నిపుల్ వదులై చక్రం బెండు తిరుగుతుంది. అందుకే మంచి రిమ్ము అంటే అంత లాగుడుకూ రంధ్రాల దగ్గర పగలనిది, దెబ్బకు విరగకుండా వంగేది. ఆ గుణం ఓ మోస్తరు ధర అల్యూమినియంలోనే ఉంది. కార్బన్ రిమ్ముకు దానికి కొన్ని రెట్లు పెట్టాలి. గట్టి దెబ్బ తగిలి కార్బన్ పగిలితే తీసి పారేయడమే. అల్యూమినియం అంచు సొట్టపడితే స్పానరుతో పట్టి సరిచేసుకుని ఇంటికి రావచ్చు.

రిమ్ము కొనేటప్పుడు మొదట చూడాల్సింది అది రెండు గోడల (అడ్డంగా కోస్తే రెండు పొరలు కనిపించే) రిమ్మా కాదా అని. మన దగ్గర ‘ఎంటీబీ’ పేరుతో అమ్మే చవక సైకిళ్లలో చాలావాటికి ఒక్క గోడే ఉంటుంది. వికారాబాద్ అనంతగిరి రాళ్ల దారికి అది పనికిరాదు. లోపలి వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటే 2.3, 2.4 అంగుళాల టైరు మలుపులో మడతపడదు. డీటీ స్విస్ కంపెనీ రిమ్ముల్లో ఈఎక్స్ 471 లోపల 25, ఈఎక్స్ 511 లోపల 30. పేరున్న రిమ్ములూ ఈ కొలతల్లోనే ఉన్నాయి. రిమ్ము రెండు కొసలు కలిసే అతుకు వెల్డింగా, పిన్నా అని షాపుల్లో పెద్ద చర్చ పెడతారు. డిస్క్ బ్రేకులుంటే ఆ తేడాకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. బ్రేకు అసలు రిమ్మును తాకదు, స్పోకుల లాగుడే అతుకును దగ్గరగా నొక్కి ఉంచుతుంది.

ముందు చక్రానికి తేలిక రిమ్ము తీసుకుని, బరువైనది వెనక్కి పెట్టండి. మనిషి బరువూ రాళ్ల దెబ్బా ఎక్కువగా పడేది అక్కడే. పైగా గేరు చక్రాలకు చోటివ్వడం కోసం వెనక హబ్బులో కుడి స్పోకులు నిటారుగా, గట్టిగా, ఎడమవి వదులుగా పడతాయి. స్పోకు రంధ్రాలు మధ్యలో కాకుండా ఓ పక్కకు జరిపి కొట్టిన రిమ్ము దొరికితే ఆ తేడా కొంత తగ్గుతుంది.

రిమ్ములో మిగిల్చిన డబ్బు మంచి స్పోకులకూ, చక్రం కట్టే మేస్త్రి కూలికీ పెట్టండి. కట్టించిన చక్రం మీద కొన్నిసార్లు తిరిగాక స్పోకులు సర్దుకుంటాయి. అప్పుడు తప్పకుండా తీసుకెళ్లి బిగువు మళ్లీ చూపించి, బెండు తీయించుకోండి.